ఆండ్రాయిడా, ఐఫోనా? ముందు అప్‌డేట్ల సంగతి చూడండి

ఆండ్రాయిడ్ కొనాలా, ఐఫోన్ కొనాలా అని అడిగారు. కెమెరా, ర్యామ్ తర్వాత. ఆ మోడల్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయో ముందు చూడండి. అవి ఆగిపోయినా ఫోన్ మామూలుగానే పనిచేస్తుంది, కానీ కొత్తగా బయటపడే లోపాలను సరిచేసేవాళ్లు ఉండరు. బ్యాంకు యాప్ వాడేవాళ్లకి అదే అసలు టెన్షన్.

ఐఫోన్‌లో ఫోనూ సాఫ్ట్‌వేరూ రెండూ ఆపిల్‌వే కాబట్టి అప్‌డేట్ నేరుగా వచ్చేస్తుంది. 2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్‌కి 2021 నాటి ఐఓఎస్ 15 (ఐఫోన్ సాఫ్ట్‌వేర్) కూడా అందింది. ఆండ్రాయిడ్‌లో గూగుల్ విడుదల చేశాక ఫోన్ కంపెనీ దాన్ని తన మోడల్‌కి తగ్గట్టు మార్చుకోవాలి. ఆలస్యం చాలావరకు అక్కడే. అయితే గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ గెలాక్సీ ఎస్24 ఫోన్లకి 7 ఏళ్ల అప్‌డేట్ల హామీ ఇచ్చారు. చాలా చవక మోడళ్లకి అంత ఉండదు.

అన్నట్టు, ఆ 7 ఏళ్ల లెక్క మోడల్ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు.