వెయ్యో ఎపిసోడ్ రాయబోతున్న అమ్మాయికి

అమ్మాయ్,

మీ సీరియల్ వెయ్యో ఎపిసోడ్ నీకే ఇచ్చారని మెసేజ్ చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ వెనకే ఇంకోటి పెట్టావు. సీమంతం ఫంక్షన్, ఇరవై మంది ఆర్టిస్టులు, పాలల్లో విషం, చివర్లో యాక్సిడెంట్, అన్నీ ఒక్క ఎపిసోడ్‌లో పట్టించమన్నారు, టెన్షన్‌గా ఉంది మాస్టారూ అని. అందుకే ఫోన్లో కాకుండా తీరిగ్గా రాస్తున్నాను.

ఫంక్షన్ ఉండనీ. ఛానల్ వాళ్లకి ప్రోమో కావాలి, అందులో తప్పేం లేదు. కానీ అరగంట స్లాటులో ప్రకటనలు పోగా నీ చేతికొచ్చేది ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. ఇరవై మంది తలో రియాక్షన్ ఇచ్చేసరికే అది కాస్తా అయిపోతుంది. గురువారం రేటింగులు వచ్చి వెళ్లిపోయాక ఆ విషం పాలు ఎవరికీ గుర్తుండవు.

సినిమావాళ్లకి లేని ఆస్తి మనకొకటి ఉంది. మన ప్రేక్షకురాలు ఆ ఇంట్లో మూడేళ్లుగా కాపురం ఉంటోంది. ఏ డబ్బా ఏ అరలో ఉందో ఆవిడకి తెలుసు. ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడటం లేదో ఆ ఇంటివాళ్ల కంటే ఆవిడకే బాగా తెలుసు. ఆ జ్ఞాపకాన్ని తట్టి లేపిందే గొప్ప ఎపిసోడ్.

కార్తీక దీపం సీరియలే చూడు. 2017 నుంచి 2023 దాకా 1,500 పైచిలుకు ఎపిసోడ్లు. దీప ఏ తప్పూ చేయలేదని చూసేవాళ్లందరికీ తెలుసు, ఆమె భర్త డాక్టర్ బాబుకి తప్ప. జనం దగ్గర దాచలేదు కాబట్టే ఆమె అతని ఎదుట నిలబడినప్పుడల్లా ఇళ్లల్లో ఊపిరి బిగబట్టారు, వంటలక్కా అని సొంత మనిషిలా పిలుచుకున్నారు. గుట్టు పాత్రల దగ్గర దాచు, జనం దగ్గర దాచకు.

నేను రాసినవాటిలో నాకు మిగిలింది ఒక కాఫీ గ్లాసు. ఒక అత్తాకోడళ్ల సీరియల్. తనకి ఇష్టం లేకుండా కొడుకు పెళ్లి చేసుకొచ్చిన కోడలికి అత్తగారు మొదటిరోజు నుంచీ వెనక అరలోంచి తీసిన సొట్ట గ్లాసులోనే కాఫీ ఇచ్చేది. దాని గురించి ఎవరితోనూ ఒక్క మాట అనిపించలేదు, అలా ఏడు వందల ఎపిసోడ్లు నడిచాయి. ఆ రోజు మాత్రం ఆవిడ కొత్త స్టీలు గ్లాసులో కాఫీ పోసి, గట్టు మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది. కోడలు గ్లాసు తిప్పి చూస్తే దానిమీద తన పేరు కొట్టించి ఉంది. అంతే సీను.

ఆ నటి మలయాళీ అమ్మాయి, తెలుగు చదవడం రాదు. సెట్లో మా అసిస్టెంట్ ప్రాంప్టింగ్ చెబితేనే డైలాగు చెప్పేది. ఈ సీన్లో ప్రాంప్టింగ్‌కి మాటే లేదు. పేరు ఏ వైపు ఉందో తెలియక వేలితో తడిమి తడిమి వెతుక్కుంది. దర్శకుడు కట్ చెప్పలేదు. ఎడిటింగ్‌లో దానిమీద మ్యూజిక్ వేయబోతే నేను బతిమాలి ఆపించాను. గట్టు మీద గ్లాసు ఆనిన చప్పుడొక్కటే ఉంచారు.

ఆ చప్పుడు ఎందుకంటే, మన వాళ్లలో చాలామంది కూర తరుగుతూ, పోపు వేస్తూ సీరియల్ని చెవులతో చూస్తారు. రోజూ అరుపులకి అలవాటు పడ్డ చెవి, హఠాత్తుగా నిశ్శబ్దమైతే తల తిప్పి టీవీ వైపు చూస్తుంది. అలా తల తిప్పించే చోటు ఎపిసోడ్‌కి ఒకటి చాలు.

ఇక నీ ఎపిసోడ్. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోక నాలుగు వందల ఎపిసోడ్లయింది కదా? ఫంక్షన్‌ని మొదటి సగంలో ముగించెయ్. అందరూ భోజనాలకి లేచాక, ఖాళీ గదిలో అక్క వచ్చి చెల్లెలి చేతికి మట్టిగాజులు తొడగాలి. గాజు ఎక్కించాలంటే చెయ్యి పట్టుకోవాలి, వేళ్లు దగ్గరికి నొక్కాలి. పాత గొడవ ఊసెత్తకు, క్షమించు లాంటి మాట అసలు వద్దు. గాజు వేళ్ల కణుపుల దగ్గర ఆగిపోతుంది. "నొప్పిగా ఉందా?" అంటుంది అక్క. బొమ్మ ఫ్రీజ్ చేసి ఎపిసోడ్ అక్కడే ఆపెయ్. యాక్సిడెంట్ ఎల్లుండికి జరుపుకోమను, ఛానల్ వాళ్లతో కావాలంటే నేను మాట్లాడతాను.

ఒక్కటి మాత్రం మరిచిపోకు. ఇలా కలిపినవాళ్లని రేపటి ఎపిసోడ్‌లో అదంతా కల అనో, అక్క నాటకమాడిందనో విడదీయకు. రేటింగు తగ్గిందని ఒకసారి నా చేత అలా రాయించారు. ఒక పెద్దావిడ గుళ్లో నన్ను ఆపి, "నేను నిజంగా ఏడ్చాను నాయనా" అంది. ఆవిడకి ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

డైలాగులు పూర్తవగానే పంపు. ఆర్ట్ వాళ్లకి ఇవాళే చెప్పు: గాజులు ఆ అమ్మాయి సైజుకి ఒక నంబరు తక్కువవి తేవాలి, టేకు టేకుకీ పగులుతాయి గనక నాలుగు డజన్లయినా ఉంచాలి.

మీ మాస్టారు