ఓస్లోలో మొదటి చలికాలం, ఫ్రామ్ ఓడ

విజయనగరం నుంచి నార్వే రాజధాని ఓస్లో వచ్చి నాలుగు నెలలైందని, ఆదివారాలు గడవడం లేదని, ఇక్కడి బిగ్డోయ్ ద్వీపకల్పంలో, పాత ధ్రువయాత్రల ఓడను ఉంచిన ఫ్రామ్ మ్యూజియంకు ఒక్కరే వెళ్తే డబ్బు దండగ కాదా అని మీరు అడిగారు. దండగ కాదు. టిక్కెట్టు ధర, తెరిచే వేళలు మ్యూజియం వెబ్‌సైటులో చూసుకోండి. క్రోనర్లను రూపాయల్లోకి మార్చే అలవాటు మాత్రం గుమ్మం బయటే వదిలేయండి. నన్ను కలవరపెడుతున్నది మీ ప్రశ్నలోని "ఒక్కరే" అన్న మాట.

నేను నరసన్నపేట దగ్గరి పల్లెటూరి నుంచి 2004 అక్టోబరులో ఇక్కడికి వచ్చాను. అప్పటికి మీకున్నట్టు వీడియో కాల్స్ లేవు, కార్డు కొనుక్కుని నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడేవాళ్లం. డిసెంబరు వచ్చేసరికి తొమ్మిది దాటితే గాని తెల్లవారదు, మూడు దాటగానే పొద్దు వాలిపోతుంది. వరుసగా నాలుగు ఆదివారాలు గది తలుపు తీయలేదు. "ఏటి నాయనా, గొంతు అలాగుంది?" అని అమ్మ అడిగితే జలుబు చేసిందని అబద్ధమాడాను. ఐదో ఆదివారం, కళింగపట్నం తీరంలో తెప్పలు చూస్తూ పెరిగినవాడిని కదా, ఓడనైనా చూసి వద్దామని బయలుదేరి, గుడ్డ బూట్లతో సిటీ హాల్ ముందున్న రేవుకు వెళ్లి గంటసేపు నిలబడ్డాను. బిగ్డోయ్ ఫెర్రీ చలికాలంలో నడవదు. పక్కనే నిలబడ్డ పెద్దాయనను ఒక్క మాట అడిగితే తెలిసిపోయేది, కానీ ఇంజనీరునై ఉండి ఆ మాత్రం తెలియదనిపించుకోవడం ఇష్టం లేకపోయింది. చివరకు కాళ్లు మొద్దుబారాక 30వ నంబరు బస్సు ఎక్కాను. మీరు మొదటే ఆ బస్సు ఎక్కండి.

నిటారు కప్పున్న ఆ భవనంలోకి అడుగుపెట్టగానే ఓడ మొత్తం మన నెత్తిమీదికి వచ్చినట్టుంటుంది. పొడవు 39 మీటర్లు, వెడల్పు 11 మీటర్లు. పొడవుకు ఇంత వెడల్పా అని మన జాలరులు చూస్తే నవ్వుతారు. అయితే ఆ గుండ్రని పొట్టలోనే ఉంది కిటుకంతా. మంచు రెండు వైపుల నుంచీ నొక్కినప్పుడు ఓడ పగిలిపోకుండా పైకి జారేటట్టు ఓడల నిర్మాత కాలిన్ ఆర్చర్ దాన్ని రూపొందించాడు. చుక్కానిని, ఓడను నడిపే నీటి పంకాను (ప్రొపెల్లర్‌ను) కూడా పైకి లాగేసుకునే ఏర్పాటు చేశాడు. 1892లో నీటిలోకి దింపిన ఈ ఓడ 1893 నుంచి 1896 వరకు నార్వే అన్వేషకుడు నాన్సెన్ చేసిన ఉత్తర ధ్రువ యాత్రలో మంచులో చిక్కుకుని దానితోపాటే కొట్టుకుపోయింది. అలా చిక్కుకుని, కదిలే మంచుతోపాటే ధ్రువం వైపు సాగాలన్నదే వారి పథకం. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువం చేరిన మరో నార్వే అన్వేషకుడు అముండ్సెన్‌ను అంటార్కిటికాకు తీసుకువెళ్లింది కూడా ఇదే. పక్క భవనంలోని యోవా చిన్న ఓడే, కానీ 1903లో అముండ్సెన్ అప్పులవాళ్లకు చిక్కకుండా అర్ధరాత్రి దానిలో జారుకున్నాడని తెలిసినప్పుడు, నా నెలాఖరు లెక్కల మీద నాకే కాస్త గౌరవం కలిగింది.

ఫ్రామ్ డెక్కు ఎక్కి లోపలి గదుల్లోకి దిగవచ్చు. ఆనాడు నేను దిగి, ఇంజనీరు బుద్ధితో గోడల మందం చూసి వచ్చేశాను. చూడవలసింది అది కాదని మూడోసారి వెళ్లినప్పుడు గాని నాకు తెలియలేదు. పదమూడు మంది మగవాళ్లు మూడేళ్లు ఆ ఇరుకు గదుల్లో, నెలల తరబడి సూర్యుడు లేని చీకటిలో, ఒకరినొకరు ఎలా భరించారన్నది చూడాలి. గాలిమరతో విద్యుత్ దీపం వెలిగించుకున్నారు, సొంతంగా ఒక పత్రిక నడుపుకున్నారు, ఆర్గన్ వాయించుకున్నారు, పుట్టినరోజులకు విందులు చేసుకున్నారు. మనకు చీకటి మూడున్నరకు పడితేనే దుప్పటి కప్పుకుంటున్నాం.

1895 మార్చిలో నాన్సెన్, అతని సహచరుడు యోహాన్సెన్ ఇద్దరూ ఓడను వదిలి కుక్కల బండ్లతో ఉత్తర ధ్రువం వైపు వెళ్లి, 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం దాకా చేరి, వెనుదిరిగారు. ఆ చలికాలమంతా రాళ్లు పేర్చి, వాల్రస్ తోలు కప్పిన గుంతలాంటి గుడిసెలో గడిపారు. ఒకే పడక సంచిలో (స్లీపింగ్ బ్యాగ్‌లో) పడుకునేవారు, అయినా ఒకరినొకరు "మీరు" అనే పిలుచుకున్నారు. ఆ ఏడాది చివరి రాత్రి నాన్సెనే, ఇక "నువ్వు" అనుకుందామా అన్నాడట.

ఈ కథ తెలిసినప్పుడు నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నేను పాత పాఠ్యపుస్తకం చూసి నేర్చుకున్న నార్వేజియన్‌లో ఆఫీసు వాళ్లందరినీ "మీరు" అనే పిలిచేవాడిని. మన వైపు అది మర్యాద, ఇక్కడ ఇప్పుడు అందరూ "నువ్వు" అనే అనుకుంటారు. నాకేదో కోపమని వాళ్లు దూరంగా ఉండిపోయారు. నన్ను ఎవరూ భోజనానికి పిలవరేమని నేను ఆర్నెల్లు కుమిలిపోయాను. అదే మ్యూజియంలో కాపలా పెద్దాయన ఎక్కడి నుంచి వచ్చావని అడిగితే "ఇండియా" అని ముక్తసరిగా చెప్పి బయటికి నడిచాను. శ్రీకాకుళం అని, కళింగపట్నం దీపస్తంభం అని, మా ఊరి పక్కనే సముద్రమని చెప్పి ఉంటే ఆయన మరో అరగంట మాట్లాడి ఉండేవాడు.

కాబట్టి ఒక్కరే వెళ్లకండి. వచ్చే ఆదివారం పదకొండు గంటలకు నేనే ఆ గుమ్మం దగ్గర ఉంటాను. ఉన్ని మేజోళ్లు వేసుకోండి, ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలేవైనా మిగిలి ఉంటే జేబులో పడేసుకోండి, బయటికి వచ్చాక రేవు దగ్గర తిందాం. ఓడ తెరచాప కొయ్యను చూసి మీకు పైడితల్లమ్మ సిరిమాను గుర్తొస్తే మొహమాటపడకుండా గట్టిగానే అనండి. డెక్కు దిగేలోగా మిమ్మల్ని "మీరు" అనడం మానేస్తాను, నువ్వూ అన్నా అని పిలువు.