మెమరీ చాలదంటే ఏది చాలదు?

ప్రశ్న: మాది అనంతపురం. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్ బాగా స్లో అయింది. షాపులో చూపిస్తే ‘మెమరీ చాలదు, పెంచుకోవాలి’ అన్నారు. డబ్బా మీద 8 జీబీ, 256 జీబీ అని రెండు అంకెలున్నాయి. మెమరీ ఏది? 256 అని అమ్మి, సిస్టమ్‌లో 238 చూపించడం ఏంటి?

జవాబు: డబ్బు కట్టకముందే అడిగారు, మంచి పని చేశారు. షాపులో ‘ఏ మెమరీ?’ అని కచ్చితంగా అడగండి. పాఠ్యపుస్తకాల్లో రెండూ మెమరీలే: 8 జీబీది ప్రైమరీ, 256 జీబీది సెకండరీ. కంప్యూటర్ మనుషులు ఉత్తినే మెమరీ అంటే ర్యామ్ అని అర్థం. మనకేమో మెమరీ కార్డుల కాలం నుంచి ఫొటోలు, పాటలు దాచుకునే చోటే మెమరీ. చిక్కంతా ఇక్కడే.

మీ వైపు శనక్కాయ పంట చూసే ఉంటారు. కాయలు ఆరబోయాలన్నా, తూర్పారబట్టాలన్నా కళ్లం కావాలి. మూటలు కట్టాక గోడౌన్‌లో వేస్తారు. మీ 8 జీబీ ర్యామ్ కళ్లం, ఫైళ్లు దాచుకునే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ గోడౌన్. తెరిచిన ప్రతి ప్రోగ్రామూ కళ్లంలోకి రావాల్సిందే. గోడౌన్ ఎంత పెంచినా కళ్లం వెడల్పు కాదు.

ఒక్క తేడా ఉంది. బ్యాటరీ కూడా అయిపోయి కరెంటు అందకపోతే ర్యామ్‌లోని సరుకంతా పోతుంది. అందులో ఒక్కో బిట్‌ను (0 లేదా 1ని) ఒక చిన్న కెపాసిటర్ విద్యుత్ రూపంలో పట్టి ఉంచుతుంది. అది కారిపోతూ ఉంటుంది కాబట్టి సాధారణంగా 64 మిల్లీసెకన్లలోపే మళ్లీ నింపాలి. 1966లో ఐబీఎం కంపెనీలో రాబర్ట్ డెనార్డ్ అనే ఇంజినీరుకు తట్టిన ఈ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. ప్రాజెక్టు రిపోర్టు టైప్ చేస్తూ మధ్యమధ్యలో సేవ్ కొట్టమని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

మీరు రోజూ వాడేవన్నీ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో మెమరీ చూడండి. ఎప్పుడూ 90 శాతం దగ్గరే ఉంటే ర్యామ్ చాలట్లేదు. అలాంటప్పుడు విండోస్ కొంత సరుకును గోడౌన్‌లోకి నెట్టి, కావాల్సినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ తిప్పుడుకే స్లో అవుతుంది. ర్యామ్ తక్కువే వాడుతూ, ‘దిస్ పీసీ’లో సీ డ్రైవ్ గీత ఎర్రగా ఉంటే మాత్రం ముందు పాత వీడియోలు తీసేయండి. దానికి పైసా ఖర్చు లేదు. ర్యామే కొనాల్సి వస్తే మీది ఏ రకమో, డీడీఆర్4నో, డీడీఆర్5నో తెలుసుకోండి. ర్యామ్ ముక్క అంచున గాటు ఒక్కో రకానికి వేరే చోట ఉంటుంది, ఒకదాని చోట ఇంకోటి పట్టదు. కొన్ని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, మార్చడం కుదరదు. మీ మోడల్ సంగతి తెలియకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇక 238 లెక్క. తయారీదారు జీబీ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్‌కు 1024ను మూడుసార్లు హెచ్చించినంత, అంటే 107 కోట్ల 37 లక్షల పైచిలుకు. 25,600 కోట్లను దాంతో భాగిస్తే 238 వస్తుంది. మీ సరుకు ఎక్కడికీ పోలేదు, తూకంరాయి మారిందంతే.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. కొత్త ఫోన్ మీద ‘8+8 జీబీ ర్యామ్’ అని ఉంది. 16 ఉన్నట్టేనా?

జవాబు: లేదండీ. అసలు ర్యామ్ మొదటి 8 మాత్రమే. రెండోది స్టోరేజీలోంచి తీసిచ్చిన చోటు, వేగంలో ర్యామ్‌కు చాలా దూరం. ఫోన్ కొనేటప్పుడు ప్లస్ గుర్తుకు ముందున్న అంకెనే లెక్కలోకి తీసుకోండి. స్టోరేజీ ఇరుకైతే సెట్టింగ్స్‌లో ర్యామ్ ఎక్స్‌పాన్షన్‌ లాంటి పేరుతో ఉన్నదాన్ని ఆపి ఫోన్ రీస్టార్ట్ చేయండి, ఆ చోటు మీ ఫొటోలకు మిగులుతుంది.