స్వింగ్ హాల్‌కి మొదటిసారి వెళ్తున్న చిన్నాకి

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. వారమంతా ఇంట్లోంచే ఉద్యోగం, శనివారం మనవాళ్ళ పొట్లక్, అక్కడ మళ్ళీ అవే గ్రీన్‌కార్డు కబుర్లు, ఇళ్ళ రేట్లు. మీ టీమ్‌లో ఒకమ్మాయి వాషింగ్టన్ డీసీ దగ్గరి గ్లెన్ ఎకో పార్కులో స్వింగ్ డాన్స్ (జాజ్ పాటలకి జంటగా ఆడేది) ఉంది రమ్మంది, వెళ్ళాలా వద్దా అంటున్నావు. ఏళ్ళ తరబడి అక్కడికి పోతున్న పెద్దమ్మని అడిగితే వద్దంటుందని ఎలా అనుకున్నావురా? వెళ్ళు.

"నాకు డాన్స్ రాదు కదా" అన్నావు. మనకి డాన్స్ అంటే ఒకళ్ళు చేస్తుంటే పదిమంది చూసేది. సంగీత్‌కి నెల ముందు నుంచి ప్రాక్టీసులు, స్టేజీ మీద ఐటమ్, ఎదురుగా ఫోన్లు పట్టుకుని చుట్టాలు. అందుకే ఆ టెన్షన్. స్వింగ్ హాల్లో ప్రేక్షకులుండరు. గోడవార కూర్చున్నవాళ్ళు ఆయాసం తీర్చుకుంటున్నవాళ్ళే, వాళ్ళకి నీ అడుగులతో పనిలేదు. నీతో ఆడుతున్న మనిషి కూడా నీకెన్ని స్టెప్పులొచ్చో లెక్కపెట్టదు. తన భుజం లాగెయ్యకుండా పాట సరదాగా సాగిందా లేదా, అంతే చూస్తుంది.

ముందు బిగినర్ క్లాసు ఉంటుంది. దానికి టైముకి చేరుకో, సగంలో దూరకు. అందరినీ గుండ్రంగా నిలబెట్టి, రెండు మూడు నిమిషాలకోసారి జత మార్చేస్తారు. ఊళ్ళో రాములవారి గుడి ముందు కోలాటం చూశావుగా, ఎదురొచ్చింది ఎవరైనా కర్ర కలిపి ముందుకు పోవడమే, అచ్చం అలాగే. ఆ క్లాసులో నువ్వు ఒక రిటైరైన టీచరమ్మతో, ఒక కాలేజీ పిల్లతో, ఒక ప్లంబరుతో చెయ్యి కలుపుతావు. అవును, మగాళ్ళు మగాళ్ళతోనూ ఆడతారు. "నువ్వు లీడా, ఫాలోనా?" అని అడగడం ఇప్పుడు మామూలే. లీడ్ అంటే ఆట నడిపేవాళ్ళు, ఫాలో అంటే ఆ నడకని అందుకునేవాళ్ళు. తెల్లమొహం వెయ్యకుండా జవాబు చెప్పు.

అడుగులు కష్టం కాదు. వెనక్కి ఒక రాక్ స్టెప్ (ఒక కాలు వెనక్కి వేసి, బరువు మళ్ళీ ముందు కాలి మీదకి తేవడం), తర్వాత రెండు ట్రిపుల్ స్టెప్పులు (రెండు బీట్లలో మూడు చిన్న అడుగులు), ఆరు బీట్లకి ఒక చుట్టు అయిపోతుంది. అసలు కిటుకు చేతిలో ఉంది. మనవాళ్ళు మొదట్లో ఎదుటివాళ్ళ చెయ్యిని బస్సులో రాడ్డు పట్టుకున్నట్టు పట్టేస్తారు. నాలుగు వేళ్ళు కొద్దిగా వంచి ఇవ్వు, బొటనవేలితో నొక్కకు. మోచెయ్యి పూర్తిగా చాపకు, పూర్తిగా ముడవకు. నీ బరువు కాస్త వెనక్కి ఉంచు. అప్పుడు నువ్వు ఒక అడుగు వెనక్కి వేస్తే ఆ కదలిక చెయ్యి మీదుగా తనకి చేరుతుంది, తనంతట తానే ముందుకొస్తుంది. చెయ్యితో లాగావంటే అది లీడ్ కాదు, లాక్కెళ్ళడం. తర్వాత తర్వాత ఎనిమిది బీట్ల స్వింగ్ అవుట్ నేర్చుకుంటావు. స్వింగ్‌లో ఒక రకమైన లిండీ హాప్‌కి ప్రాణం అదే. దగ్గరికొచ్చి, ఇద్దరూ కలిసి తిరిగి, చెయ్యి వదలకుండా దూరంగా విడిపోవడం. మొదటిసారి అది సరిగ్గా కుదిరిన రోజు నీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గాల్లోకి ఎగరెయ్యడాలు యూట్యూబ్‌లో చూసి ఉంటావు. అవి పోటీలకీ ప్రదర్శనలకీ. అందరూ ఆడే చోట అలాంటివి చేస్తే పక్కవాళ్ళ ముక్కు పగులుతుంది.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్నది. అడగడం, కాదనిపించుకోవడం, కాదనడం. ఈ మూడూ అడుగుల కంటే ముందు నేర్చుకో. ఎదురుగా వెళ్ళి, నవ్వు మొహంతో "ఈ పాటకి వస్తారా?" అని అడుగు. వస్తే ఒకటో రెండో పాటలు ఆడి, థాంక్స్ చెప్పి, ఇంకొకరి దగ్గరికి పో. రానంటే "పర్లేదు" అని వచ్చెయ్. ఎందుకని అడగొద్దు, మొహం మాడ్చుకోవద్దు, పది నిమిషాలాగి మళ్ళీ వెళ్ళొద్దు. కాలు నొప్పి కావచ్చు, దాహం కావచ్చు, నీతో ఆడాలని లేకపోవచ్చు. మనకేమో కాదనడం చేతకాదు. "చూద్దాం", "తర్వాత" అని నానుస్తాం. నీకు ఇష్టం లేకపోతే నువ్వూ "వద్దండీ, థాంక్స్" అనెయ్. ఎవరూ ఏమీ అనుకోరు.

టీమ్‌లో ఆ అమ్మాయి రమ్మంది కదా అని రాత్రంతా ఆమె వెనకే తిరగకు. మూడు నిమిషాలు చెయ్యి పట్టుకున్నంత మాత్రాన అది పెళ్ళిచూపులు కాదు. ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని, దానికి ఏ అర్థమూ పెట్టకుండా, నవ్వుతూ వదిలెయ్యగలిగే చోటు ఈ రోజుల్లో ఎక్కడుంది చెప్పు? బార్లో లేదు, యాప్‌లో అసలే లేదు. నేను ఇన్నేళ్ళుగా పోయేది దానికోసమే. ఎవరైనా అడుగులు తప్పుతుంటే, అడగనిదే నేర్పించబోకు. ఇది మగపిల్లలకి మరీ జబ్బు, రెండు క్లాసులు కాగానే మాస్టారైపోతారు.

హాలు సంగతి కూడా తెలుసుకుని వెళ్ళు. గ్లెన్ ఎకోలో స్పానిష్ బాల్‌రూమ్ 1933లో కట్టారు. అప్పుడు గ్లెన్ ఎకో వినోదాల పార్కు, నల్లవాళ్ళకి ప్రవేశం లేదు. 1960 జూన్ 30న వాషింగ్టన్‌లో నల్లవాళ్ళ యూనివర్సిటీ అయిన హోవర్డ్ విద్యార్థులు వెళ్ళి అక్కడి రంగులరాట్నం ఎక్కి కూర్చున్నారు, ఐదుగురిని అరెస్టు చేశారు. ఆ వేసవంతా గేటు ముందు నిరసనలు సాగాయి. 1961లో గాని గేట్లు అందరికీ తెరుచుకోలేదు. ఆ హాల్లో మనం ఆడేది ఎవరి డాన్స్? న్యూయార్క్ హార్లెమ్‌లో నల్లవాళ్ళు పుట్టించింది. అక్కడ లెనాక్స్ అవెన్యూలో 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్‌లో మాత్రం మొదటి నుంచీ నల్లా తెల్లా కలిసే ఆడారు. హాలీవుడ్ హీరో క్లార్క్ గేబుల్ వచ్చాడంటే, "అయితే డాన్స్ వచ్చా?" అని అడిగి ఊరుకున్నారట. లిండీ హాప్ డాన్సర్ ఫ్రాంకీ మ్యానింగ్ సవాయ్‌లోనే పేరు తెచ్చుకున్నాడు. స్వింగ్ మోజు తగ్గాక పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళకి పైగా పనిచేశాడు. సవాయ్ 1958లో మూతపడింది. 1980ల్లో కుర్రవాళ్ళు కొందరు ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళి నేర్పించమన్నారు. 2009లో పోయేదాకా దేశదేశాలు తిరిగి నేర్పాడు. పార్ట్‌నర్‌కి వంగి నమస్కరించి మొదలుపెట్టమనేవాడు. మనలాంటివాళ్ళు ఈ రోజు టికెట్ కొనుక్కుని దర్జాగా లోపలికి పోతున్నామంటే ఆ పిల్లలు రంగులరాట్నం ఎక్కబట్టే.

మిగతావి చకచకా చెప్తాను. రబ్బరు అడుగున్న స్పోర్ట్స్ షూ వద్దు. చెక్క నేల మీద పట్టేసి పాదం తిరగదు, మోకాలు తిరుగుతుంది. నా మోకాలి పట్టీ చూశావుగా. నీ పెళ్ళిళ్ళ షూకి లెదర్ అడుగు ఉంటే అవే చాలు. రెండు చొక్కాలు అదనంగా తెచ్చుకో, చెమటతో తడిసిన వీపు మీద చెయ్యి వెయ్యడం ఎవరికీ ఇష్టముండదు. వంటగది పక్కన జాకెట్ తగిలించకు, పోపు వాసన దాన్ని వదలదు. ఆ సాయంత్రం ఉల్లిపాయ పెరుగుపచ్చడి మానెయ్. చాలాచోట్ల మందు జోలి ఉండదు, మంచినీళ్ళ సీసాలే. ఈ మాట మీ అమ్మకి పనికొస్తుంది.

ఖాళీ ఉన్నప్పుడు కౌంట్ బేసీ జాజ్ బ్యాండు విను. ఇంట్లో అన్నం వండుకుంటూ కాళ్ళు ఆడించు చాలు. మొదటి మూడు నాలుగు నెలలు చిరాగ్గా ఉంటుంది, లీడ్ చేసేవాళ్ళకి మరీను. పాట వినాలి, అడుగు వెయ్యాలి, తర్వాతేంటో ఆలోచించాలి, గుద్దుకోకుండా చూసుకోవాలి. చాలామంది అక్కడే మానేస్తారు. నీకొచ్చిన మూడు స్టెప్పులే తిప్పితిప్పి వెయ్యి. పాట మరీ స్పీడైతే కూర్చో.

ఈ శనివారం నేనూ వస్తాను. మొదటి పాటకి నా దగ్గరికి రాకు, తెలియనివాళ్ళని అడుగు. ఆ తర్వాత నెమ్మది పాట ఏదైనా వస్తే అప్పుడు రా. నేను వద్దంటే ఎందుకని అడక్కు.

పెద్దమ్మ