పిస్టన్ కొలతల మీద రాస్తున్న తమ్ముడికి

విజయవాడ

తమ్ముడికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఆటోనగర్‌లో దొరికే బయటి కంపెనీల పిస్టన్ కిట్లు అసలు కొలతకి సరిపోతాయా లేదా అన్నది రాయదగ్గ విషయమే. భాష మీద నీకు పట్టుంది, అందులో నేను వేలు పెట్టను. నా పేచీ అంతా ఈ ఒక్క వాక్యంతోనే (అంకెలు మిల్లీమీటర్లలో): "వెర్నియర్‌తో కొలిస్తే 49.94 వచ్చింది, కంపెనీది 49.97, కాబట్టి ఇది డూప్లికేటు." నీ వ్యాసం మొత్తం దీని మీదే నిలబడింది, ఇది మాత్రం దేని మీదా నిలబడలేదు. ఎక్కడ పెట్టి కొలిచావు, ఎంత ఎండలో కొలిచావు, 49.97 అన్న అంకె ఎక్కణ్ణుంచి వచ్చింది, ఒక్కటీ చెప్పలేదు. చెప్పిన ఒక్కటీ, అంటే వెర్నియర్ (జారే దవడల కొలబద్ద), ఈ పనికి చాలని పరికరం.

ముందు, ఎక్కడ పెట్టావన్నది. పిస్టన్ గుండ్రంగా ఉండదు. పిన్ను (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే కడ్డీ) దూరే వైపు కొంచెం తక్కువగా, దానికి అడ్డంగా కొంచెం ఎక్కువగా, కోలగా చేస్తారు. పిన్ను చుట్టూ లోహం మందం కాబట్టి వేడెక్కితే అటు ఎక్కువ సాగుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు గుండ్రం కావాలని చల్లగా ఉన్నప్పుడే కోలగా ఉంచుతారు. మంట తగిలే తల, స్కర్టు (పిస్టన్ అడుగు వైపు గోడ) కంటే సన్నగా ఉండేది కూడా ఇందుకే. తల దగ్గర కొలిస్తే ఒక అంకె, రింగుల కింద ఒకటి, స్కర్టు దగ్గర ఒకటి వస్తాయి. తేడా మిల్లీమీటరులో పదో వంతు దాటినా ఆశ్చర్యం లేదు. కాబట్టి కొలవాల్సింది పిన్నుకి సరిగ్గా అడ్డంగా, స్కర్టు కింది అంచు నుంచి సర్వీసు మాన్యువల్ చెప్పినంత ఎత్తులో. చిన్న బళ్లలో చాలావాటికి అది అంచు నుంచి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా ఉంటుంది, కానీ బండి బండికీ మారుతుంది. ఆ ఎత్తు నీ వ్యాసంలో ఉండాలి. లేకపోతే నీ 49.94 ని సరిచూడటం ఎవరి తరమూ కాదు.

ఇంకో చిక్కుంది. ఈ మధ్య పిస్టన్ల స్కర్టు మీద నల్లటి గ్రాఫైట్ పూత వేస్తున్నారు. ఒక్కో వైపు పది ఇరవై మైక్రాన్ల (మైక్రాన్ అంటే 0.001 మిల్లీమీటరు) మందం ఉన్నా రెండు వైపులా కలిసి మనం వెతుకుతున్న తేడాని మింగేస్తుంది. కొన్ని కంపెనీలు కొలవడానికని పూతలో చిన్న ఖాళీ వదులుతాయి. అది ఉంటే మైక్రోమీటర్ (మర తిప్పి బిగించి కొలిచే పరికరం) అక్కడే పెట్టు, లేకపోతే పూత మీద కొలిచానని రాయి.

ఇక పరికరం. మామూలు వెర్నియర్‌లో కనిపించే అతి చిన్న గీత 0.02 మిల్లీమీటర్లు. డిజిటల్‌ది 0.01 చూపిస్తుంది గానీ, మంచి కంపెనీ కూడా తన వెర్నియర్‌కి ప్లస్ ఆర్ మైనస్ 0.02 అనే రాస్తుంది. చిన్న బండిలో పిస్టన్‌కీ బోరుకీ (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) మధ్య వదిలే ఖాళీ సుమారుగా 0.02 నుంచి 0.05 మధ్యలో ఉంటుంది. నీ కొలతలోని అనుమానమే ఆ ఖాళీ అంత ఉంటే ఇంక తీర్పెలా ఇస్తావు? 25 నుంచి 50, 50 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా కొలిచే మైక్రోమీటర్లు కావాలి, 0.001 చదవగలిగేవైతే మరీ మేలు. మొదలుపెట్టే ముందు దవడలు తుడిచి, దాంతో వచ్చిన ప్రామాణిక కడ్డీ పెట్టి సున్నా చూసుకో. బిగించడం వెనకున్న రాచెట్‌తోనే (సరిపడా బిగిశాక టిక్‌మని జారే పిడి). నేరుగా గొట్టాన్ని తిప్పితే చేతి బలం కొద్దీ అంకె మారుతుంది. మూడుసార్లు తీయి. మూడూ ఒకటి కాకపోతే నాలుగోది తీసి సగటు వేయకు, దవడ ఎందుకు వంకరగా కూర్చుంటోందో చూడు.

ఎండ సంగతి మన ఊళ్లో రాసేవాడు మరీ ముఖ్యంగా తెలుసుకోవాలి. ఇంజనీరింగ్ కొలతలన్నీ 20 డిగ్రీల దగ్గర అని ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద 42 డిగ్రీలుంటుంది. ఈ 22 డిగ్రీల తేడాకి 50 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ దాదాపు 0.022 సాగుతుంది. ఉక్కు మైక్రోమీటర్ కూడా సాగుతుంది గానీ 0.013 వరకే. అంటే పిస్టన్ ఉన్నదాని కంటే 0.009 పెద్దగా కనిపిస్తుంది. పోత ఇనుము బోరు కూడా అల్యూమినియం అంత సాగదు కాబట్టి, అదే ఎండలో పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఖాళీ 0.01 తక్కువగా తేలుతుంది. మొత్తం ఖాళీయే 0.03 అయినచోట అది మూడో వంతు. బ్లాకు, పిస్టన్, మైక్రోమీటర్ మూడూ రాత్రంతా ఒకే బల్ల మీద ఉంచి పొద్దున్నే కొలవడం ఉత్తమం. అప్పుడే బోరు కొట్టించి తెచ్చిన బ్లాకుని వెంటనే కొలవకు. పిస్టన్‌ని అరచేతిలో పట్టుకుని కబుర్లు చెప్పకు. కొలిచిన పూట ఎన్ని డిగ్రీలుందో వ్యాసంలో ఒక్క మాట వేస్తే చాలు, తెలిసినవాడు లెక్క సరిచూసుకుంటాడు.

49.97 సంగతికొద్దాం. స్టాండర్డ్ అంటే ఒక్క అంకె కాదు, రెండు అంకెల మధ్య చోటు. మాన్యువల్‌లో బోరుకి "50.000 నుంచి 50.010" అన్నట్టుగా, పిస్టన్‌కి వేరే జత, ఆ తర్వాత "ఇంతకి మించి అరిగితే మార్చు" అనే మూడో అంకె ఉంటాయి. మూడో అంకె కొత్త సామానుకి వర్తించదు. అరిగిన పిస్టన్‌కి చెప్పిన హద్దుతో కొత్త పిస్టన్‌ని పోల్చి "పాస్" అనడం రాతల్లో తరచూ కనిపించే పొరపాటు. నువ్వు రాసిన 49.97 కొత్తదాని కింది హద్దా, పై హద్దా, లేక కంపెనీ డబ్బాలోంచి తీసిన ఒక పిస్టన్‌ని కొలిస్తే వచ్చిందా? చివరిదే అయితే అది స్టాండర్డ్ కాదు, ఇంకో పిస్టన్ కొలత, అంతే.

పిస్టన్ ఒక్కటే కొలిచి ఆపావు. బోరు లేకుండా పిస్టన్ కొలతకి అర్థం లేదు. బోరుని పైన, మధ్యలో, కింద మూడు లోతుల్లో, ఒక్కోచోట పిన్ను వైపూ అడ్డంగానూ, మొత్తం ఆరు కొలతలు తీయాలి. బోర్ గేజ్‌ని (బోరు లోపలి వ్యాసం కొలిచేది) అదే మైక్రోమీటర్‌తో సెట్ చేస్తే మైక్రోమీటర్‌లోని చిన్న లోపం రెండు వైపులా వచ్చి కొట్టేసుకుపోతుంది. అరుగుదల ఎక్కువగా పై రింగు తిరిగి మళ్లే చోట, పిన్నుకి అడ్డంగా ఉంటుంది. రింగులు తాకని అట్టడుగు భాగం దాదాపు కొత్తగానే మిగులుతుంది.

రింగు గ్యాప్ (రింగు రెండు కొసల మధ్య ఖాళీ) గురించి నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. నన్నడిగితే బోర్ గేజ్ లేని మెకానిక్‌కి పాఠకుడు చూపించగలిగేది ఇదొక్కటే. రింగుని ఒట్టిగా బోరులో పెట్టి, పిస్టన్ తలతోనే కిందికి నెడితే వంకర లేకుండా కూర్చుంటుంది. కొసల మధ్య ఫిల్లర్ గేజ్ (తెలిసిన మందాల పల్చటి రేకులు) పెట్టి చూడాలి. 50 మిల్లీమీటర్ల బోరుకి కొత్తలో సుమారు 0.15 నుంచి 0.30 ఉంటుంది, కచ్చితమైనది మాన్యువల్‌లో చూడు. ఇందులో ఒక సుళువు లెక్కుంది. బోరు వ్యాసం 0.10 పెరిగితే గ్యాప్ 0.31 పెరుగుతుంది, ఎందుకంటే చుట్టుకొలత వ్యాసానికి 3.14 రెట్లు. కొత్త రింగుని అడుగున ఒకసారి, పైన ఒకసారి పెట్టి గ్యాపుల తేడాని 3.14తో భాగిస్తే బోరు అరుగుదల తెలిసిపోతుంది. గ్యాప్ మరీ తక్కువైతే వేడికి రింగు సాగి కొసలు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి, గోడ గీరుకుపోతుంది, రింగు విరుగుతుంది. అందుకే బిగుతు చూసేది అరగని అడుగున, వదులు చూసేది అరిగిన పైన. రింగు మీద అక్షరం ఉంటే అది పైకి రావాలని కూడా చేర్చు.

ఇంకొకటి, వ్యాసం (మిల్లీమీటర్ల వ్యాసం, నీది కాదు) సరిపోయినా ఇంజను పాడుచేసే కొలత: పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు. తల చదునుగా ఉంటే పిస్టన్‌ని అద్దం పలక మీద బోర్లించు. పిన్నుని ఒక వైపు కాస్త బయటికి నెట్టి, పలక నుంచి పిన్ను పై అంచు దాకా కొలిచి, పిన్ను వ్యాసంలో సగం తీసేయి. ఇక్కడ వెర్నియర్ చాలు, మనం వెతికేది మిల్లీమీటరులో పదో వంతుల తేడా. స్ప్లెండర్ లాంటి 97.2 సీసీ ఇంజను తీసుకో, బోరు 50.0, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 49.5. కంప్రెషన్ (లోపలి గాలి ఎన్నో వంతుకి నొక్కుకుంటుందన్న లెక్క) 9:1 అనుకుంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు పైన మిగిలే చోటు 12.15 సీసీ. పిస్టన్ ఎత్తు అర మిల్లీమీటరు ఎక్కువుంటే అందులో దాదాపు 1 సీసీ పోయి కంప్రెషన్ 9.7 అవుతుంది, టకటక నాకింగ్ మొదలవుతుంది, వాల్వులకి తగిలినా తగలొచ్చు. అర మిల్లీమీటరు తక్కువైతే 8.4. అప్పుడు చప్పుడేమీ ఉండదు, బండి లాగదు. పాపం బండివాడు కార్బురేటర్‌ని తిట్టుకుంటూ తిరుగుతాడు. ఇలాంటి లెక్క ఒక్కటి వేసి చూపిస్తే పాఠకుడికి అర మిల్లీమీటరు ఎంతో అర్థమవుతుంది. నాలుగు పేరాల హెచ్చరికలు ఆ పని చేయలేవు.

చెయిన్లు, బేరింగులు, బోల్టులు కూడా ఇరికించావు. వాటిని ఉంచితే సరిగ్గా ఉంచు. 428 చెయిన్, 420 చెయిన్ రెండింటికీ పిచ్ (పక్కపక్క లింకు పిన్నుల మధ్య దూరం) 12.7 మిల్లీమీటర్లే, లోపలి వెడల్పు మాత్రం 7.94, 6.35. పిచ్ కలిసింది కాబట్టి సరిపోతుందని నువ్వు రాసిన మాట కొట్టేయ్. 6301 బేరింగు 12, 37, 12 (లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు) కొలతలకి అచ్చుగుద్దినట్టు ఉన్నా, సీ3 గుర్తున్నదానికీ లేనిదానికీ లోపలి వదులు వేరు. ఆ తేడా ఏ వెర్నియర్‌కీ దొరకదు, పెట్టె మీదా బేరింగు మీదా చదవాల్సిందే. బోల్టుల్లో ఎం10కి (10 మిల్లీమీటర్లది) 1.25 మిల్లీమీటర్ల మరా ఉంది, 1.5 మరా ఉంది. తప్పుది కూడా చేత్తో ఒకటి రెండు చుట్లు తిరుగుతుంది, అక్కడ ఆగినప్పుడు పానా వేసి బిగిస్తే అల్యూమినియం హెడ్డులో మర మొత్తం ఊడొస్తుంది. పిచ్ గేజ్ ఆనించి చూడటానికి పది సెకన్లు కూడా పట్టదు.

అంకెలు రాసే పద్ధతి గురించి. 0.5, 0.50 ఒకటే అనుకోకు. 0.50 అంటే రెండో స్థానం దాకా కొలిచానని చెప్పినట్టు. వ్యాసమంతా ఒకే పద్ధతి పాటించు, సున్నాలు పీకేయకు. 0.05 కాస్తా 0.5గా అచ్చయితే ఎవరి బండో సీజ్ అవుతుంది. లేత్ షాపులో "రెండు థౌలు వదిలాం" అంటారు. ఆ మాట అలాగే ఉంచి, పక్కనే 0.05 మిల్లీమీటర్లు అని వేయి (ఒక థౌ 0.0254). పిస్టన్ తల మీద ఎస్‌టీడీ (స్టాండర్డ్) ఉందో, 0.25, 0.50 లాంటి ఓవర్‌సైజు (బోరు పెద్దది చేశాక వేసే పెద్ద పిస్టన్) ఉందో మొదటి పేరాలోనే చెప్పు. ఓవర్‌సైజు పిస్టన్‌ని స్టాండర్డ్ అంకెతో పోల్చి తిట్టినవాళ్లున్నారు.

చివరగా ఆ "డూప్లికేటు" మాట. తన పేరు మీద తాను చేసి అమ్మే బయటి కంపెనీ వేరు, ఇంకొకరి పేరూ హాలోగ్రామూ అచ్చేసుకుని అమ్మేవాడు వేరు. మొదటివాడి కొలత తప్పితే అది నాణ్యత లోపం, రెండోవాడిది కొలత సరిపోయినా మోసమే. కొలత చూసి మోసమని తేల్చలేం, పెట్టె చూసి కొలత తేల్చలేం. ఒక్క కిట్టు కొలిచి ఆ తయారీదారు మీద తీర్పు రాయడం ఇంకా తప్పు. వేర్వేరు లాటు నంబర్లవి కనీసం మూడు, వీలైతే వేర్వేరు షాపుల్లో కొను. పెట్టె మీది నంబరు, కొన్న తేదీ, ధర రాసుకో. తేడా మూడింట్లోనూ ఒకే వైపు ఉంటే అప్పుడు ఆ మాట అను. ఒక్కదాంట్లోనే ఉంటే "ఈ ముక్క ఇంత తేడాగా ఉంది" అని ఆగు. షాపువాడి పేరు వేయాల్సిన పని అసలు లేదు.

ఈసారి పంపేటప్పుడు వ్యాసంతోపాటు ఆరు బోరు కొలతలు, పిస్టన్‌ది మూడుసార్లు తీసినవి, రెండు చోట్ల రింగు గ్యాప్, తల ఎత్తు, ఆ పూట ఉష్ణోగ్రత ఒక కాగితం మీద విడిగా రాసి జత చెయ్యి. ముందు అదే చదువుతాను. చెయిన్లూ బేరింగులూ తీసేసినా నాకు అభ్యంతరం లేదు, అవి ఇంకో వ్యాసానికి పనికొస్తాయి.

ఇట్లు
మీ అన్నయ్య