గుర్రం వచ్చేలోపు సర్దుకోవాల్సినవి

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

దసరా వెళ్లాక గుర్రాన్ని తెచ్చుకుంటున్నామని రాశావు. చాలా సంతోషం. వికారాబాద్ వైపు ఎకరంన్నర చల్క, రెండు కుక్కలు, పది కోళ్లు, కూరగాయల మడులు ఇప్పటికే నడుస్తున్నాయి. ఎల్లయ్య చిన్నప్పటి నుంచి పశువులు కాచినవాడు కనక గుర్రాన్నీ అతనే చూసుకుంటాడన్నావు. నాకు భయం సరిగ్గా అక్కడే. మన ఇళ్లలో ఆవులకీ గేదెలకీ చేసే పనుల్లో సగం గుర్రానికి చేటు చేస్తాయి. ఈ ఉత్తరం ఎల్లయ్యకీ చదివి వినిపించు. అతని అనుభవాన్ని తక్కువ చేస్తున్నాననుకోవద్దని చెప్పు. జంతువే వేరు.

మొదట కడుపు సంగతి. ఆవు గబగబా మేసి, తర్వాత తీరిగ్గా పడుకుని నెమరేస్తుంది. గుర్రానికి నెమరు లేదు, వాంతి చేసుకునే వీలూ లేదు. దాని జీర్ణాశయం ఒంటికి తగ్గ సైజులో ఉండదు, చాలా చిన్నది. అందులో యాసిడ్ తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. దాన్ని తగ్గించే లాలాజలం నమిలినప్పుడే వస్తుంది. అందుకే పొద్దున ఒక మోపు, సాయంత్రం ఒక మోపు వేసి వదిలేస్తే కడుపులో పుండ్లు పడతాయి, నొప్పులు వస్తాయి. నాలుగైదు గంటలకు మించి గడ్డి లేకుండా ఉంచొద్దు. పొద్దున ఆరింటికి, పదకొండింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి పడుకోబోయే ముందు వేయండి. రాత్రి వేసేదే అన్నిటికంటే పెద్ద మోపు కావాలి.

మీరు చూసిన మార్వాడీ గుర్రం 350 కిలోలుంటుందనుకుంటే రోజుకి దాదాపు 7 కిలోల ఎండుగడ్డి కావాలి. అంటే ఏడాదికి రెండున్నర టన్నులు. ఎకరంన్నరలో ఇల్లు, తోట పోగా మిగిలే నేల దాన్ని మేపలేదు. పచ్చిగడ్డి రుచికి, ఎండుగడ్డి కడుపుకి అనుకుని లెక్క వేసుకో. గరిక మన దగ్గర గుర్రానికి అన్నిటికన్నా మంచి గడ్డి. రోడ్స్ గడ్డి దొరికినా మంచిదే. ఆరు నెలల గడ్డి ఒకేసారి కొని, నేల తగలకుండా చెక్కల మీద పేర్చి, వాన చినుకు పడని చోట పెట్టండి. వరిగడ్డిలో సత్తువ తక్కువ. గడ్డి చాలనప్పుడు కొంచెం కలపొచ్చు గానీ దాన్నే నమ్ముకోవద్దు. బూజు వాసన వచ్చిన గడ్డిని పశువు తింటుందిలే అని గుర్రానికి వేయొద్దు. బూజు పట్టిన మొక్కజొన్నయితే గుర్రం మెదడే పాడవుతుంది, దానికి మందు లేదు.

ఇక నేపియర్. నీ ఫోటోలో బావి గట్టున సూపర్ నేపియర్ ఏపుగా ఉంది. ఎల్లయ్యకి అది బంగారంలా కనిపిస్తుంది. ఆ గడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి తిండిలోని కాల్షియాన్ని పట్టేసి ఒంటికి అందనివ్వవు. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు ఆక్సలేట్లను చాలావరకు విరగ్గొట్టుకుంటాయి, గుర్రానికి ఆ వెసులుబాటు లేదు. నెలల తరబడి అదే మేస్తే గుర్రం తన ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది. ముందు ఒక కాలు, తర్వాత ఇంకో కాలు కుంటుతుంది. ఆపైన ముఖం ఎముకలు రెండు వైపులా ఉబ్బుతాయి. తవుడు, గోధుమ పొట్టు రోజూ బకెట్ల కొద్దీ పెట్టినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే వాటిలో భాస్వరం కాల్షియం కన్నా చాలా రెట్లు ఎక్కువ. నేపియర్, తవుడు రెండూ కలిస్తే చెప్పనే అక్కర్లేదు. నేపియర్ వాటా పచ్చిమేతలో నాలుగో వంతు దాటకుండా చూసుకో. లూసర్న్ ఒక మడి వేసుకో, రోజుకి మూడు నాలుగు కిలోలు పచ్చిది వేస్తే కాల్షియం అందుతుంది. పచ్చి జొన్న, సూడాన్ గడ్డి మాత్రం అసలే వద్దు. వాటిని మేసిన గుర్రాలకి మూత్రాశయం దెబ్బతిని వెనక కాళ్లు తూలతాయి. సుబాబుల్ కొమ్మలు కొట్టి వేస్తే జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి.

గింజల విషయంలో అందరూ ఉదారంగా పోతారు. వారానికి రెండు మూడు సార్లు నెమ్మదిగా సవారీ చేసే గుర్రానికి మంచి గడ్డి, ఉప్పు, నీళ్లు చాలు. సవారీ పెరిగితే అర కిలో ఉలవలు నానబెట్టి మెత్తగా ఉడికించి, ఒక కిలో ఓట్సో బార్లీనో రెండు పూటలకి పంచి పెట్టు. ఒక పూటలో రెండు కిలోల గింజ ఎప్పుడూ దాటొద్దు. ఎండాకాలం ఉడికించిన ఉలవలు మధ్యాహ్నానికే పులుస్తాయి, మిగిలినవి కోళ్లకి వేసెయ్. ఏ కొత్త మేతైనా పాతదానిలో కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో మార్చాలి. కల్లుప్పు రోజుకి 30 గ్రాములు, చెమట పట్టే రోజుల్లో 50. నీళ్లు మామూలుగా 25 నుంచి 30 లీటర్లు తాగుతుంది, మే నెలలో 50 కూడా తాగుతుంది. తొట్టిని రోజూ కడగాలి. నాచు వాసన వస్తే గుర్రం దాహాన్నైనా ఓర్చుకుంటుంది గానీ ఆ నీళ్లు ముట్టదు.

గింజల గదికి తాళం తప్పనిసరి. గుర్రం తలుపు నెట్టుకుని లోపలికెళ్లి గోతాం ఖాళీ చేస్తే, అది హుషారుగా కనిపించినా అప్పటికప్పుడే డాక్టర్ని పిలవాలి. గింజ ఎక్కువైతే గిట్టల్లోపల వాపు వస్తుంది, అది పైకి కనిపించడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ముందరి కాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడిందంటే వైద్యం ఆలస్యమైనట్టే. గింజలు ఇనుప డ్రమ్ముల్లో పెట్టుకుంటే ఎలుకలు రావు. ఎలుకలు లేకపోతే నాగుపాము, రక్తపింజర రావడమూ తగ్గుతుంది. కుక్కలున్న ఇంట్లో ఎలుకల మందు పెట్టే పని పెట్టుకోకు.

ఇప్పుడు చెప్పేది గోడ మీద రాసి పెట్టించు. కోళ్ల దాణా గుర్రం నోటికి అందకూడదు. కోడిపిల్లల దాణాలో రక్తవిరేచనాలు రాకుండా మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు. కొన్ని పశువుల దాణాల్లోనూ కలుపుతారు. కోడికి, ఆవుకి పనికొచ్చే ఆ మోతాదు గుర్రం గుండెని చంపేస్తుంది, విరుగుడు లేదు. కోళ్ల గూడు, దాణా డబ్బా గుర్రపు కొట్టానికి ఎదురు మూలన ఉండాలి. ఒకే చేట, ఒకే బకెట్ రెండింటికీ వాడొద్దు.

పిడుదుల మందు కూడా ఇంతే. పశువుల మీద కొట్టే అమిట్రాజ్ నీళ్లు గుర్రం మీద చల్లితే పేగుల కదలిక ఆగిపోతుంది. కుక్కలకి వాడేది కుక్కలకే, అది కూడా డాక్టరు చెప్పిన మోతాదులో. గుర్రానికి పిడుదులు చెవుల్లో, జూలు మొదట్లో, తోక కింద చేరతాయి. రోజూ తోమేటప్పుడు వేళ్లతో వెతికి పట్టకారుతో తీసి సబ్బునీళ్లలో వేయండి. వానలు వెలిసిన నెలల్లో జోరీగలు విపరీతంగా ఉంటాయి, అవి సర్రా రోగాన్ని మోసుకొస్తాయి. జ్వరం వచ్చి పోతూ, మనిషి కళ్ల ముందే చిక్కిపోతూ, పొట్ట కింద, కాళ్లకి నీరు పడితే రక్తపరీక్ష చేయించాలి. కుక్కలకీ సర్రా వస్తుంది, కళ్లు పాల పొర కమ్మినట్టు తెల్లబడతాయి.

కడుపునొప్పి వచ్చినప్పుడు ఎల్లయ్య ఏం చేస్తాడో నాకు తెలుసు. వెదురు గొట్టంలో నూనె, వాము నీళ్లు పోసి తల ఎత్తి పట్టి తాపిస్తాడు. గుర్రానికి అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. నూనె పోయాల్సి వస్తే డాక్టరే ముక్కులోంచి కడుపు దాకా గొట్టం వేసి పోస్తాడు. మీరు చేయాల్సింది ఇంతే. పక్కటెముకల వైపు తిరిగి చూసుకోవడం, ముంగాలితో నేల గీకడం, పడుకుని లేచి మళ్లీ పడుకోవడం, మేత ముట్టకపోవడం కనిపించగానే మేత తీసేయండి, నీళ్లు ఉంచండి. డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన వచ్చేలోపు పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడిపించండి. గంటల తరబడి తిప్పి అలసిపోయేలా చేయొద్దు. దవడ ఎముక కింది అంచున వేళ్లు పెడితే నాడి తగులుతుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించు. నెమ్మదిగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉంటుంది. 60 దాటితే ఆ మాట ఫోన్లోనే చెప్పాలి. ఒంటి వేడి 99.5 నుంచి 101.5 ఫారన్‌హీట్ లోపు ఉండాలి. గుర్రం వచ్చిన మొదటి వారంలో, అది బాగున్నప్పుడే, రోజూ ఈ రెండూ చూసి రాసిపెట్టుకో. లద్దె ఎన్నిసార్లు వేస్తోందో కూడా గమనించు. రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు వేయాలి, అది తగ్గితే ఏదో మొదలైందన్నమాట.

తోటలో ఏం తీసేయాలో చెప్తాను. గేటుకి రెండు వైపులా నాటిన గన్నేరు మొక్కలు వేళ్లతో సహా పీకించు. పచ్చగన్నేరు కూడా. కొద్దిపాటి ఆకులు చాలు గుర్రం గుండె ఆగడానికి. కత్తిరించి ఎండబెట్టిన కొమ్మల్లోనూ విషం పోదు. పైగా ఎండితే చేదు తగ్గి ఇంకా తేలిగ్గా తింటుంది. తోటమాలి కత్తిరించినవి ఏవీ గుర్రం వైపు విసరొద్దని గట్టిగా చెప్పు. కంచె వెంట ఆముదం చెట్లున్నాయా చూడు, ఆ గింజలు గుర్రానికీ కుక్కకీ విషమే. ఆముదం చెక్క ఎరువుగా అసలు కొనకు. ఆ వాసనకి కుక్కలు మడులు తవ్వుకుని మరీ తింటాయి, రక్తవిరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోతాయి. వేపపిండి వాడుకో.

ఎరువు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఒక్క గుర్రం రోజుకి 15 కిలోల దాకా లద్దె వేస్తుంది, ఏడాదికి అయిదు టన్నులు దాటుతుంది. పచ్చి లద్దె మొక్కల మొదట్లో వేస్తే వేడికి వేళ్లు మాడతాయి. నెమరేయదు కనక గడ్డి విత్తనాలు నలగకుండా బయటికొస్తాయి, మడి నిండా కలుపు మొలుస్తుంది. కొట్టం నుంచి ఎత్తిన లద్దె, మూత్రంతో తడిసిన రంపపు పొట్టు, ఎండాకులు కలిపి నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కుప్ప వేయించు. అంతకన్నా చిన్నదైతే లోపల వేడి నిలవదు. పిడికెడు తీసి పిండితే చెయ్యి తడవాలి, నీళ్లు కారకూడదు. రెండో మూడో రోజుకి మధ్యలో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, విత్తనాలు, పురుగుల గుడ్లు ఆ వేడికే చస్తాయి. పదిహేను రోజులకోసారి బయటది లోపలికి పోయేలా తిరగేయండి. మూడు నెలలకి నల్లగా, మట్టి వాసన వచ్చే ఎరువు తయారవుతుంది. చదరపు మీటరుకి రెండు కిలోల చొప్పున వంగ, టమాటా, బీర పాదులకి వేసుకో.

కుప్పని కొబ్బరి మొక్కలకి దూరంగా పెట్టాలి, ఇది మర్చిపోవద్దు. కొమ్ము పురుగు లద్దె కుప్పల్లో గుడ్లు పెడుతుంది, పెద్దయ్యాక పోయి కొబ్బరి మొవ్వు తొలుస్తుంది. తిరగేసేటప్పుడు వేలెడు లావున తెల్లగా చుట్టుకున్న పురుగులు బయటపడతాయి. ఆ రోజు పొద్దున కోళ్లని అక్కడే వదిలితే ఒక్కటి మిగలనివ్వవు. నులిపురుగుల మందు వేసిన మూడు నాలుగు రోజుల లద్దె మాత్రం విడిగా మూతపెట్టి ఉంచండి. కుక్కలు దాన్ని ఇష్టంగా తింటాయి, ఆ మందుల్లో ఒకటైన ఐవర్‌మెక్టిన్ కొన్ని జాతి కుక్కలకి పడదు. ఆ మందు కూడా రెండు నెలలకోసారి లెక్కపెట్టి వేయొద్దు, లద్దె పరీక్ష చేయించి అవసరమైతేనే వేయాలి.

కొట్టం 12 అడుగులకి 12 అడుగులు, చూరు పదడుగుల ఎత్తు, రెండు వైపులా గాలి ఆడాలి. రేకుల మీద బోదగడ్డి కప్పించు. కంచెకి ముళ్లతీగ వేస్తే బెదిరిన గుర్రం కాళ్లు చీలిపోతాయి. ఉన్న రాతి కడ్డీలకే సర్వి వాసాలు అడ్డంగా మూడు వరసలు బిగించి అయిదడుగుల ఎత్తు రానివ్వండి. గిట్టలు రోజూ అడుగున శుభ్రం చేసి వాసన చూడాలి. వానాకాలం కుళ్లు వాసన వచ్చి నల్లటి పసరు కనిపిస్తే కొట్టం నేల తడిగా ఉంటోందని అర్థం. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. లాడాలు కొట్టేవాడు నెలకోసారి ఆ చుట్టుపక్కలకి వస్తాడా లేదా అన్నది గుర్రం కొనకముందే కనుక్కో.

కుక్కలని మొదటి నెల తాడు లేకుండా గుర్రం దగ్గరికి పోనివ్వకు. వెంటపడి తరమడం ఒకసారి రుచి చూస్తే మానవు, ఒక్క తన్నుతో దవడ విరుగుతుంది. రేబిస్ టీకా ఏడాదికోసారి కుక్కలకీ, గుర్రానికీ వేయించు. గుర్రానికి ధనుర్వాతం టీకా నాలుగు నుంచి ఆరు వారాల తేడాతో రెండుసార్లు వేసి, ఆపైన ఏటా ఒకటి వేయించాలి. లద్దె కలిసిన మట్టిలో ఒక మేకు గుచ్చుకున్నా ప్రాణం మీదికి వస్తుంది. ఒంటరి గుర్రం కుదురుగా ఉండదు, ఇప్పటికి ఒక మేకనైనా తోడు ఇవ్వు.

బేరం కుదిరే ముందు గ్లాండర్స్ రక్తపరీక్ష కాగితం అడుగు. హిసార్‌లోని జాతీయ గుర్రాల పరిశోధనా కేంద్రం ఈ పరీక్ష చేస్తుంది, మీ జిల్లా పశువైద్యాధికారి ద్వారా నమూనా పంపించొచ్చు. ఈ రోగం మనుషులకీ అంటుకుంటుంది, పరీక్షలో తేలితే గుర్రాన్ని బతకనివ్వరు. కాగితం తర్వాత పంపిస్తానని అమ్మేవాడు అంటే బయానా ఇవ్వకు. గుర్రం ఒంటి గుర్తులు, సుడులు ఆ కాగితంలో రాసినవాటితో నువ్వే నిలబడి పోల్చి చూడు. కాగితం అందాక ఫోటో తీసి నాకూ పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ