పదిహేడో అంతస్తులో కాల్ ఎందుకు కట్ అవుతోంది?

ప్రశ్న: నార్సింగిలో పదిహేడో అంతస్తు ఫ్లాట్‌కి మారాం. బాల్కనీలో ఫోన్ బాగానే ఉంటుంది, బెడ్‌రూమ్‌లోకి రాగానే కాల్ కట్. ఊరి నుంచి మా అత్తయ్య చేస్తే 'నాట్ రీచబుల్' అంటోందట. ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టర్లు అమ్ముతున్నారు, కొనమంటారా?

జవాబు: వద్దండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా బూస్టర్ పెట్టుకోవడం మన దేశంలో చట్టవిరుద్ధం. ఆన్‌లైన్‌లో దొరికినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు. పైగా నాసిరకం బూస్టర్ వల్ల చుట్టుపక్కలవాళ్ల సిగ్నల్ కూడా పాడవుతుంది.

ఎత్తుకి వెళ్లేకొద్దీ సిగ్నల్ పెరగాలి కదా అని చాలామందికి అనుమానం. టవర్ మీద యాంటెన్నాలను సాధారణంగా కింద రోడ్లకీ ఇళ్లకీ అందేలా కాస్త వంచి బిగిస్తారు. మీ అంతస్తుకి ఆ సిగ్నల్ సరిగా తగలదు. మరోపక్క అంత ఎత్తు నుంచి దూరపు టవర్లు కూడా ఫోన్‌కి అందుతాయి. అవన్నీ ఒకదానికొకటి అడ్డుతగిలి, ఫోన్ ఒక టవర్ మీద నిలవక మారుతూ ఉంటుంది. గీతలు నిండుగా ఉన్నా మాట తెగేది ఇందుకే. ఇక లోపలి గదులకి కాంక్రీటు గోడలు, ఎండ ఆపడానికి లోహపు పూత వేసిన అద్దాలు అడ్డం. 5జీకి ఎక్కువగా వాడే 3.5 గిగాహెర్ట్జ్ దరిదాపు తరంగాలు 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ వాటిలా గోడలు దాటలేవు.

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేయండి, అంటే కాల్ టవర్ సిగ్నల్ మీద కాకుండా ఇంటి వైఫై మీదుగా వెళ్తుంది. మన దగ్గర 2019 చివర్లో ఎయిర్‌టెల్, 2020 జనవరిలో జియో దీన్ని మొదలుపెట్టాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ పేరుతో వెతికితే వస్తుంది. రెండు సిమ్‌లుంటే దేనికది ఆన్ చేయాలి. దేశంలోపల చేసే కాల్స్‌కి అదనపు ఛార్జీ లేదు, మీ అత్తయ్య ఫోన్‌లో ఏమీ మార్చక్కర్లేదు. ఫోన్ బలహీనమైన సిగ్నల్‌నే పట్టుకు వేలాడుతుంటే ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేసి చూడండి. కరెంటు పోతే రూటర్‌తో పాటు కాల్స్ కూడా పోతాయి కాబట్టి దానికో మినీ యూపీఎస్ తగిలించండి. కొనేముందు రూటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టేజీ చూసుకోండి.

మీ అపార్ట్‌మెంట్ మొత్తానికి ఇదే బాధైతే అసోసియేషన్ తరఫున టెలికాం కంపెనీకి రాయండి. భవనం లోపల చిన్న యాంటెన్నాలు పెట్టే ఏర్పాటు వాళ్ల దగ్గర ఉంటుంది. అది నెలల పని, అనుకోండి.

ప్రశ్న: చిక్కడపల్లిలో మాది పాత ఇల్లు, గోడలు మందం. వెనక గదికి వైఫై రాదు. రిపీటర్ చాలా?

జవాబు: నా ఓటు కేబుల్‌కే. మామూలు రిపీటర్ అందుకున్నదాన్నే మళ్లీ పంపాలి కనుక వేగం దాదాపు సగానికి పడిపోతుంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో క్యాట్ 6 రకం నెట్ కేబుల్ తెచ్చి మెయిన్ రూటర్ నుంచి వెనక గదిదాకా లాగండి. అటకెక్కిన పాత రూటర్‌ని అక్కడ పెట్టి, కేబుల్‌ని దాని లాన్ పోర్టులో గుచ్చండి, వాన్‌లో కాదు. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు రూటర్లకీ ఒకేలా ఇవ్వండి. పాత రూటర్ ఐపీ అడ్రస్ మెయిన్ రూటర్‌దే అయితే మార్చి, పాతదానిలో డీహెచ్‌సీపీ (ఫోన్లకి ఐపీ అడ్రస్‌లు పంచే పని) ఆపేయండి. ఈ చివరి పని వదిలేస్తే ఫోన్లు వైఫైకి కనెక్ట్ అయినా నెట్ రాకపోవచ్చు.